సున్నం గీత

సమాధులకు గుల్ల సున్నం తప్ప ఇంకేదీ పనికిరాదంటుంది మగ్దలీనమ్మ. బజారులో డబ్బాల్లో రంగులొచ్చాయి, సంచుల్లో తెల్ల పొడులొచ్చాయి. నీళ్లు కలిపి పూసుకుంటే పని అయిపోతుంది. ఊళ్లో సగంమంది అదే చేస్తున్నారు. ఆమె మాత్రం ఏటా సమాధుల పండుగ దగ్గరికొచ్చిందంటే వాకాడు వైపు నుంచి వచ్చే మనిషి దగ్గర కాల్చిన గుల్ల తీసుకుని, పెరట్లో పాత ఇనప డ్రమ్ములో పోసి, నీళ్లు వంపి, పక్కకు జరిగి నిలబడుతుంది. గుల్ల కాసేపు ఏమీ ఎరగనట్టు ఉంటుంది. తర్వాత లోపలి నుంచి కుతకుతమని ఉడకడం మొదలుపెడుతుంది. పొయ్యీ లేదు, మంటా లేదు, అయినా డ్రమ్ము మీద చెయ్యి వేస్తే కాలుతుంది. అది అణిగేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

ఆ ఏడు కూడా డ్రమ్ము ఉడుకుతుండగానే కోడలిని కేకేసింది.

"నవోమీ, నువ్వు బోయి మన సమాధుల కాడ గడ్డి ఎంతుండాదో చూసిరా. మీ మామ మీద పోయినేడు సర్కారు తుమ్మ మొలిచింది. గడపార కావాల్నేమో చూడు."

నవోమి వరండాలో మిషను ముందు కూర్చుని ఎవరిదో తెల్ల జాకెట్టుకు చేతులు అతుకుతోంది. సమాధుల పండుగకు కట్టుకుంటే తెల్లవే కట్టుకుంటారు. అందరికీ పండుగలోపే కావాలి. ఆమె కుట్టు చివరిదాకా లాగి, దారం పంటితో కొరికి, జాకెట్టు మడిచి పెట్టి లేచింది.

ఇసుకదిన్నె నగర పంచాయతీ అయ్యాక ఊరికి వచ్చిన మార్పులు చెప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఆఫీసు బోర్డు మారింది. ఇంటిపన్ను పెరిగింది. సర్పంచి పోయి చైర్మన్ వచ్చాడు, ఆయన చుట్టూ కౌన్సిలర్లు వచ్చారు. చెత్త ఎత్తడానికి ట్రాక్టరు వచ్చింది. ఎత్తిన చెత్త ఎక్కడ పోయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. ఎవరి ఇంటి ముందు కాకపోతే చాలని కౌన్సిలర్లందరూ అనుకున్నారు.

క్రైస్తవుల సమాధుల తోట ఊరి చివర, సరుగుడు తోటను ఆనుకుని ఉంటుంది. ముందు వైపు సిమెంటు సమాధులు, పేర్లు చెక్కిన పలకలు. వాటి వెనక మట్టి దిబ్బలు, కొయ్య శిలువలు. ఇంకా వెనక, సముద్రం వైపు మూలలో, ఒంటి తాటిచెట్టు. దాని చుట్టూ ఇసుక, ముళ్ల గడ్డి తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు.

నవోమి మామగారి సమాధి దగ్గర ఆగి తుమ్మ మొక్కను కదిపి చూసింది. వేరు లోతుగానే ఉంది. అప్పుడు గాలి ఇటు తిరిగి కంపు కొట్టింది. తలెత్తి చూస్తే తాటిచెట్టు ముందు ట్రాక్టరు తొట్టి ఆకాశంలోకి లేచి ఉంది. అందులోంచి హోటలు విస్తరాకులు, కోడి ఈకలు, పసిపిల్లల డైపర్లు, కొబ్బరి బోండాలు, నల్లటి నీళ్లు కారుతున్న సంచులు గుట్ట మీదికి జారుతున్నాయి. అప్పటికే అక్కడ ఆమె నడుమెత్తు గుట్ట ఉంది. రెండు కుక్కలు దాని మీద దేనికోసమో పోట్లాడుకుంటున్నాయి.

ఆమె పరుగెత్తింది. ట్రాక్టరు నడిపే ఫ్రెడ్డీ వాళ్ల వీధివాడే, నాలుగిళ్ల అవతల ఉంటాడు. ఆమెను చూసి ఇంజను ఆపాడు.

"వందనాలక్కా."

"ఏంది ఫ్రెడ్డీ ఇది?"

"చెత్తక్కా."

"చెత్తని తెలస్తానే ఉండాది. ఈడెందుకు పోస్తా ఉండావు?"

"పాత చోట వానకు టైర్లు దిగబడతా ఉండాయి. ఖాళీగా ఉండేది ఇదేనంట, ఈడ పొయ్యమన్నారు. కౌన్సిలరన్న నరేంద్రబాబే వచ్చి చూపించి పోయినాడు." ఫ్రెడ్డీ ఆమె మొహం వైపు కాకుండా తాటిచెట్టు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "సమాధులుండే కాడ నేను పోస్తానా అక్కా? ఈడెవురుండారు?"

ఈడెవురుండారు.

పెళ్లయిన మరుసటి ఏడు ఆమెకు పుట్టినవాడు ఏడవలేదు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డలకు పెట్టె ఉండదు, పాట ఉండదు, శిలువ ఉండదు. ఇద్దరు మొగవాళ్లు గుడ్డలో చుట్టుకుని పోతారు, తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటారు. తల్లి గడప దాటకూడదు. యాడ పెట్టినారంటే తాటిచెట్టు పక్కన అంటారు. ఏ పక్కనని అడగకూడదు. నవోమి అడగలేదు. ఏటా పండుగ నాడు మామగారి సమాధి మీద పూలు పరిచాక చేతిలో కొన్ని మిగుల్చుకునేది. వెళ్లేటప్పుడు వాటిని తాటిచెట్టు వైపు విసిరేది, వాడిపోయినవి పారేసినట్టు, ఎవరూ చూడకుండా.

"తియ్యి. ఇదంతా ఎత్తెయ్యి," అంది.

"నా చేతిలో ఏముండాదక్కా? పొయ్యమన్న చోట పోసేవాణ్ణి. పోయి ఆఫీసులో చెప్పుకోండి."

చెప్పుకోవడానికే సోమవారం వెళ్లారు.

*

నగర పంచాయతీ ఆఫీసులో సోమవారం అర్జీల రోజు. పొద్దున్నుంచే వరండా నిండా జనం. మురుగు కాలవ పొంగి ఇంట్లోకి వస్తోందని చూపించడానికి ఒకాయన ఆ నీళ్లను సీసాలో పట్టుకొచ్చాడు. బిళ్ల బంట్రోతు దాన్ని బయట పెట్టమని గదమాయిస్తున్నాడు. మురుగు ఆయన ఇంట్లో ఉండవచ్చు గానీ ఆఫీసులోకి రాకూడదు. వీధి దీపం కోసం ఒకామె, కుక్క కరిచిన మనవడి కాలు చూపిస్తూ ఇంకొకామె. కుళాయి రెండు పూటలా రావాలని అడగడానికి వచ్చి, ఒక పూట వచ్చినా చాలునని అక్కడే మనసు మార్చుకున్న వాళ్లు కొందరు.

సమాధుల తోట తరఫున మాట్లాడేది సమాధానం అనే ఆయన. బిట్రగుంటలో రైల్వేలో చేసి రిటైరై వచ్చాడు, చర్చి సంఘానికి పెద్ద. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన భార్య ప్రమీలమ్మ గొడుగు పట్టుకుని వెనక నిలబడింది. నవోమి భర్త హెబ్రోను గూడూరు నిమ్మకాయల మండీలో ఆ పూట పని మానుకుని వచ్చాడు. మిగతా మొగవాళ్లు ఓ పదిమంది, వాళ్ల వెనక ఆడవాళ్లు.

కమిషనరు కుర్రవాడు, మర్యాదస్థుడు. గదిలోకి వచ్చిన ప్రతివాళ్లనూ కూర్చోండి, కూర్చోండి అంటాడు. గదిలో ఉన్న కుర్చీల్లో ఒకదాంట్లో ఆయనా, ఒకదాంట్లో కౌన్సిలరు నరేంద్రబాబూ ఉన్నారు. మూడోదాని మీద ఫైళ్లున్నాయి. అందరూ నిలబడే ఉన్నారు.

"సమాధుల మీద చెత్త వేస్తున్నారా?" కమిషనరు అర్జీ చదివి నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు.

"సమాధుల మీద కాదు సార్," అన్నాడు నరేంద్రబాబు. "సమాధులన్నీ ఇవతల ఉండాయి. ఆ వెనక మూల ఖాళీ. నేనే పోయి చూసినా. ఒక్క శిలువ లేదు, ఒక్క పలక లేదు."

కమిషనరు సమాధానం వైపు తిరిగాడు. "మీరు చెప్పండి పెద్దాయనా. ఆ మూలలో సమాధులు ఉన్నాయా?"

సమాధానం గొంతు సవరించుకున్నాడు. "సమాధులంటే... సమాధులు లేవు సార్."

"మరింకేం? మీవాళ్లు ప్రహరీ గోడ కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారట. ఈసారి ఇచ్చేద్దాం. సమాధులున్నంత మేరా గోడ, గేటు, పైన ఆర్చి. ఆ మూల మాకు వదిలిపెట్టండి, చెత్తతో ఎరువు చేసే షెడ్డు వేస్తాం. చెత్త కూడా బయట కనిపించదు. ఏమంటారు?"

ఆర్చి అనగానే మొగవాళ్ల మొహాలు విప్పారాయి. వాన వస్తే పశువులు తొక్కిపోతున్న తోటకు గోడ కావాలని వాళ్ల తండ్రుల నాటి నుంచి అడుగుతున్నారు. అడగడం అలవాటైపోయిందే గానీ ఇస్తారని ఎవరూ అనుకోలేదు. పెద్దాయన ఒకడు అప్పుడే ఆర్చి మీద ఏ వాక్యం రాయించాలో పక్కవాడి చెవిలో చెబుతున్నాడు. చెత్త గురించి వచ్చినవాళ్లు గోడ తీసుకుని వెళ్లబోతున్నారు.

"ఆడ ఉండారు సార్," అంది నవోమి.

మొగవాళ్లు పక్కకు తిరిగి చూశారు. ఆమెకు దారి ఇవ్వడం కోసం కాదు, ఎవరు మాట్లాడారా అని.

"ఎవరున్నారమ్మా?" అన్నాడు కమిషనరు.

"బిడ్డలుండారు. పుట్టి పోయిన బిడ్డలు."

"అలాగా. పేర్లు చెప్పండి, రాసుకుంటారు."

పక్కనున్న గుమాస్తా పెన్ను పట్టుకుని ఆమె నోటి వైపు చూశాడు. నవోమి హెబ్రోను వైపు చూసింది. హెబ్రోను తలెత్తి, తిరగని ఫ్యానును చూస్తున్నాడు. నా బిడ్డ అన్న రెండు మాటలు ఆమె నాలుక మీదే ఉన్నాయి. ఇంతమంది మొగవాళ్ల మధ్య, ఎప్పుడూ ఎక్కడా అనని ఆ రెండు మాటలు బయటికి రాలేదు.

"పేర్లు లేవు సార్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కమిషనరు నవ్వలేదు. "పేరూ లేక, గుర్తూ లేకపోతే మేమేం చేయగలం చెప్పమ్మా," అన్నాడు మెత్తగా, ఆమెకే న్యాయం చెబుతున్నట్టు. ఆ మెత్తదనానికి నవోమికి ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు.

అప్పటికే మురుగు నీళ్ల సీసా ఆయన లోపలికి వస్తున్నాడు.

*

"గోడ వస్తా ఉండాదే," అన్నాడు హెబ్రోను ఇంటికొచ్చాక. అన్నం కంచం ముందు పెట్టుకుని, మెతుకు ముట్టుకోకుండా. "ఎన్నేళ్ల నుంచి అడగతా ఉండాము. వచ్చేదాన్ని చెడగొడతావా?"

"యాడ పెట్టినావు?"

"ఏంది?"

"నా బిడ్డను యాడ పెట్టినావు? తాటిచెట్టుకు ఈ పక్కనా, ఆ పక్కనా? ఇప్పుడన్నా చెప్పు."

హెబ్రోను చేతులు చూసుకున్నాడు. మండీలో నిమ్మకాయలు ఏరిన వాసన ఆ చేతులను ఎన్నిసార్లు కడిగినా వదలదు. "తెలియదు," అన్నాడు.

"తెలియదా?"

"మా నాయన తవ్వినాడు. నన్ను పట్టుకోమన్నాడు. నేను కళ్లు మూసుకోని నిలబడి ఉండా. తెరిచేతలికి ఇసక కప్పేసి ఉండాడు. పోదాం పదమన్నాడు, వచ్చేసినాం."

ఆ మాటకు ఇంకో రోజైతే నవోమి మనసు కరిగేది. కళ్లు మూసుకున్న ఆ కుర్రవాణ్ణి చూసి జాలిపడేది. ఆ రోజు జాలి రాలేదు. నువ్వు కళ్లు తెరిచి ఉంటే ఈ పొద్దు నేను ఆ గుమాస్తాకు చెయ్యి చాపి చూపించేదాన్ని గదా అనిపించింది. అదే మాట అనేసింది కూడా. హెబ్రోను కంచం పక్కకు నెట్టి బయటికి పోయాడు.

పెరట్లో మగ్దలీనమ్మ అణిగిన సున్నాన్ని పాత చీరగుడ్డలో వడగడుతోంది. గుడ్డ ఒక కొస కాలితో తొక్కిపెట్టి, ఇంకో కొస మెలి తిప్పుతుంటే పాలలాంటి సున్నం బకెట్లోకి దిగుతోంది. వడగట్టకపోతే కుంచె గీతలు పడతాయి. చిటికెడు నీలిమందు పడితేగానీ తెల్లదనం తేలదు. ఆ పని ఆమె ఎవరికీ ఇవ్వదు.

"గమ్మునుండు మే," అంది తలెత్తకుండానే. "ఇంతకాలం లేంది ఇప్పుడెందుకు?"

ఆ బిడ్డ పోయినప్పుడూ అదే మాట అంది. నవోమి పాలు గడ్డకట్టి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, గుడ్డ గట్టిగా బిగించి కడుతూ, గమ్మునుండు మే అంది. ఏడిస్తే ఇంకొకటి నిలవదని చెప్పింది. తర్వాత ఇద్దరు పుట్టి నిలిచారు, పెద్దవాళ్లయ్యారు, చెన్నైలో పనులు చేసుకుంటున్నారు. ఆ మాటను మాత్రం నవోమి ఈనాటికీ మింగలేదు.

"నీకేం తెలుసు అత్తా," అంది. "నీ బిడ్డ నీ ముందర కూచోని అన్నం తింటా ఉండాడు. నీకెట్టా తెలస్తాది?"

మగ్దలీనమ్మ గుడ్డను ఇంకో మెలిక తిప్పింది. చుక్క చుక్కగా సున్నం కారడం ఆగిపోయేదాకా తిప్పుతూనే ఉంది.

మరునాడు ఫ్రెడ్డీ భార్య అబిగయీలు జాకెట్టు కోసం వచ్చింది. చిన్న పిల్ల, పెళ్లయి మూడేళ్లు. ఇచ్చిన జాకెట్టు తీసుకుని పోకుండా, వరండా గట్టు మీద కూర్చుని కొంగు మడతలు పెట్టుకుంటూ ఉండిపోయింది.

"మా ఆయన మీద కోపం పెట్టుకోబాకక్కా," అంది చివరికి.

"కోపం పెట్టుకుంటే ఏమైతాది? చెత్త లేస్తాదా?"

"అది కాదక్కా. ఆయన మంచోడే. మా పాప ఉండే కాడ పొయ్యలేదు." అబిగయీలు గొంతు తగ్గించింది. "మా పాప కూడా ఆడే ఉండాది గదా. తాటిచెట్టుకు అవతలి పక్క. ఆయనే పెట్టినాడు, చోటు తెలుసు ఆయనకు. ట్రాక్టరును ఆ దరిదాపులకు పోనియ్యడు. ఎంత తిప్పలైనా ఇవతలే పోస్తాడు."

ఆమె ఆ మాటను ఓదార్పుగానే చెప్పింది. నవోమి మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఇవతల ఎవురుండారు మే?"

అబిగయీలు మడతలు పెడుతున్న కొంగు వదిలేసింది. ఆ ఆలోచన ఆమెకూ, ఆమె మొగుడికీ ఇంతవరకూ రాలేదని ఆ మొహమే చెబుతోంది. వాళ్ల బిడ్డ ఉన్నచోటు తప్పించారు. తక్కిన ఇసుక వాళ్లకు ఉత్త ఇసుకే. నవోమికి ఆ పిల్లను పట్టుకుని కుదిపేయాలనిపించింది. మరుక్షణం, తాను మాత్రం ఏం చేసింది? తాను విసిరిన పూలు కూడా తన బిడ్డ కోసమే గదా.

"మన వీధిలో ఇంకా ఎవరికన్నా ఆడ..."

"అట్టాంటివి అడగతామా అక్కా," అంది అబిగయీలు. జాకెట్టు గుండెలకు అదుముకుని లేచి పోయింది.

*

పండుగ ముందు రోజు వాన తెరిపిచ్చింది. తోట నిండా జనం. గడ్డి పీకేవాళ్లు, పలకలు కడిగేవాళ్లు, సున్నం కొట్టేవాళ్లు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు. మధ్యలో పీకిన గడ్డి పక్కవాళ్ల సమాధి మీద పడిందని ఇద్దరు ఆడవాళ్లు మాటా మాటా అనుకుంటున్నారు. అది ప్రతి ఏడూ ఉండేదే.

గోడకు గీత గీయడానికి ఆఫీసు వాళ్లు ఆ రోజే వచ్చారు. మేస్త్రి కొయ్యమేకులు పాతి, పురికొస లాగి కట్టాడు. కొయ్య శిలువల వరస దాటాక పురికొస వంగి, తాటిచెట్టునూ, దాని ముందున్న చెత్త గుట్టనూ బయటికి వదిలేసి, వెనక్కి తిరిగింది. గుమాస్తా కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. నరేంద్రబాబు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, సమాధానంతో ఆర్చి ఎంత ఎత్తుండాలో మాట్లాడుతున్నాడు.

కొస వెంబడి సున్నం పొడి చల్లితే గీత పడుతుంది. మేస్త్రి సంచి విప్పి చూస్తే వానకు తడిసి పొడంతా ముద్దయి ఉంది.

"తడి సున్నమైనా పరవాలేదు," అన్నాడు మేస్త్రి. "చెంబుతో పోసుకుంటా పోతా."

సమాధానం చుట్టూ చూసి నవ్వాడు. "సున్నానికి కరువా? మన మగ్దలీనమ్మ కాడ గుల్ల సున్నం ఉండాది. అమా, ఆ బకెట్టు ఇట్టా తీసకరా. గోడకు నీ సున్నంతోనే గీత పడతాది."

మగ్దలీనమ్మ మొగుడి సమాధి ముందు కూర్చుని ఉంది, కుంచె ఇంకా ముంచలేదు. నవోమి తుమ్మ వేరు దగ్గర గడపారతో తవ్వుతోంది. ఆ మాట విని గడపార నేలకేసి కొట్టింది.

"ఇయ్యబాక అత్తా."

ముసలామె బకెట్టు ఎత్తుకుని లేచింది. ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో కుంచె. సమాధుల మధ్య నుంచి నెమ్మదిగా మేస్త్రి వైపు నడిచింది. నవోమికి కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. ఈ ముసలిది జీవితమంతా వాళ్లు అడిగింది ఇస్తూనే వచ్చింది, ఇప్పుడూ ఇస్తుంది.

మేస్త్రి చెయ్యి చాపాడు. మగ్దలీనమ్మ ఆ చేతిని దాటింది. పురికొస దగ్గర చీర కుచ్చెళ్లు పైకెత్తి, కొసను దాటింది. చెత్త గుట్ట పక్కగా నడిచి, తాటిచెట్టుకు వీపు ఆనించి నిలబడి, సరుగుడు తోట వైపు ఒకసారి చూసుకుంది. అక్కడి నుంచి కొంచెం నడిచి కూర్చుంది. ముళ్ల గడ్డి పీకింది. దొరికిన ఇటుక ముక్క ఒకటి నేలలో గుచ్చి, కుంచె ముంచి దానికి సున్నం కొట్టింది. దాని పక్కనే ఇంకొకటి గుచ్చింది, దానికీ కొట్టింది.

తోటలో గొడవపడుతున్న ఆడవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు నరేంద్రబాబు చేతిరుమాలు తీసి.

"పేర్లడిగినారంట గదా బాబూ," అంది మగ్దలీనమ్మ. "రాసుకోండి. ఇది మగ్దలీనమ్మ కూతురు. ఇది మగ్దలీనమ్మ కొడుకు. హెబ్రోనుకు ముందు పుట్టినోళ్లు. పేరు పెట్టనీలేదు, నా పేరే రాయండి."

హెబ్రోను చేతిలో గడ్డి కొడవలి అలాగే ఉండిపోయింది. తనకు ముందు ఇద్దరున్నారని అతనికి ఎవరూ చెప్పలేదు.

నవోమి కొస దాటి అత్త ముందుకు వచ్చింది. నీకేం తెలుసు అన్న మాట మొన్న తన నోట్లోంచి వచ్చిందే.

"నీకెట్టా తెలుసు చోటు?"

"మీ మామ పోతా ఉంటే వెనకాలే పోయి సరుగుడు తోటలో నిలబడి చూసినా." ఆమె మోకాళ్ల మీద చేతులూని లేచింది. "నీ బిడ్డను తెచ్చినప్పుడు కూడా చూసినా. తల్లి రాలేదు గదా, ఒకరన్నా ఉండాలని."

"ఇన్నేళ్లు చెప్పలేదే అత్తా."

"చెప్తే నువ్వు దినామూ ఈడికొచ్చి కూచుంటావు. బతకవు. అట్టా అనుకున్నా."

నవోమికి ఆమె కాళ్ల మీద పడాలనిపించింది, ఆమెను కొట్టాలనీ అనిపించింది. ఈ రెండూ ఒకేసారి ఒక మనిషికి ఎలా అనిపిస్తాయో ఆమెకే తెలియలేదు. "యాడ?" అని మాత్రం అడిగింది.

మగ్దలీనమ్మ కుంచెతో చూపించింది. చెత్త గుట్ట నడుమ.

నవోమి గడపార కోసం చూడలేదు. చేతులతోనే మొదలుపెట్టింది. విస్తరాకులు, బోండాలు, కారుతున్న సంచులు లాగి వెనక్కి విసిరింది. మేస్త్రి కట్టిన కొస మీద పడ్డాయి, కాగితాలు పట్టుకున్న గుమాస్తా ముందు పడ్డాయి. అతను వెనక్కి జరిగాడు. అప్పుడే గేటు వైపు నుంచి నిండు తొట్టితో ట్రాక్టరు వచ్చింది. ఫ్రెడ్డీ దూరం నుంచే చూశాడు. అతని భార్య కూడా గుట్ట మీద ఉంది, తన పాప ఉన్న అవతలి పక్క కాదు, ఇవతల, నవోమి పక్కన వంగి సంచులు లాగుతోంది. ఫ్రెడ్డీ ఇంజను ఆపాడు. కాసేపు సీటులోనే కూర్చున్నాడు. తర్వాత దిగి, తొట్టిలోంచి ముళ్ల పార తీసుకుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెత్త ఎత్తడం మొదలుపెట్టాడు.

"రేయ్ ఫ్రెడ్డీ, ఉద్యోగం ఉండాల్నా వద్దా నీకు?" నరేంద్రబాబు అరిచాడు. ఫ్రెడ్డీ పార ఆపలేదు.

"చూడండి సమాధానం గారూ, మీ ఆడవాళ్లకు చెప్పుకోండి. మీరే గదా సమాధులు లేవని సార్ ముందర చెప్పింది."

సమాధానం ఏదో చెప్పబోయాడు. అప్పుడు ఆయన పక్కన నిలబడ్డ ప్రమీలమ్మ గొడుగు మడిచి ఆయన చేతికిచ్చింది. చెప్పులు విడిచింది. ఆమె ఎటు వెళ్తోందో ఆయనకు తెలుసు, తెలిసే సమాధులు లేవన్నాడు. ఆయన ఆపలేదు, ఆమె వెనక్కి చూడలేదు. కొస దాటి, మగ్దలీనమ్మ దగ్గరికి పోయి కుంచె కోసం చెయ్యి చాపింది.

"యాడని తెలియదు వదినా," అంది.

"ఈ దిక్కునే. సమాధానం వాళ్ల నాయన ఎప్పుడూ ఈ దిక్కుకే వచ్చేటోడు. యాడో ఒక కాడ పెట్టు."

ప్రమీలమ్మ ఒక రాయి పెట్టింది. సున్నం కొట్టింది. గుమాస్తా వైపు తిరిగి, గట్టిగా, భర్తకు కూడా వినిపించేలా చెప్పింది. "ప్రమీలమ్మ కొడుకు."

గుమాస్తా నరేంద్రబాబు వైపు చూశాడు. నరేంద్రబాబు ఫోను చెవికి పెట్టుకుని కమిషనరు ఎత్తుతాడేమోనని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏం చేయమనీ ఎవరూ చెప్పలేదు కాబట్టి గుమాస్తా రాశాడు.

తర్వాత ఒకరు వచ్చారు. తర్వాత, గడ్డి గురించి పోట్లాడుకున్న ఇద్దరూ వచ్చారు, ఒకరినొకరు చూసుకోకుండానే. సిమెంటు సమాధుల దగ్గర కుంచెలు వదిలేసి, చెంబులు వదిలేసి వస్తున్నారు. కోడళ్ల వెనక అత్తలు. వస్తున్నవాళ్లలో ఒక్కరూ ఏడవడం లేదు. ఏడిస్తే నవోమికి ఇంత భయం వేసేది కాదు. చెత్త కింద తడి ఇసుక బయటపడుతున్న కొద్దీ ఇటుక ముక్కలు, రాళ్లు, కొబ్బరి చిప్పలు, దొరికింది దొరికినట్టు గుచ్చుతున్నారు, తెల్లగా కొడుతున్నారు, తమ పేర్లు చెబుతున్నారు. ముందు వైపు సిమెంటు సమాధుల మధ్య మొగవాళ్లు మాత్రమే మిగిలారు. ఈ మూల ఖాళీ అని చెప్పి వచ్చింది వాళ్లే.

నవోమి తన చోట ఇటుక గుచ్చి అరచేతితో చుట్టూ ఇసుక నొక్కింది. చేతులు కంపు కొడుతున్నాయి. కొంగుకు తుడుచుకోలేదు. లేచి గుమాస్తా దాకా నడిచి వెళ్లి, మొన్న నాలుక మీద ఆగిపోయిన మాట అతని మొహం మీదనే చెప్పింది.

"నవోమి కొడుకు. రాయి."

హెబ్రోను ఎప్పుడు వచ్చాడో, ఆ ఇటుక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాడు. నవోమి అతన్ని పలకరించలేదు. దానికి ఇంకా టైం పడుతుంది.

మేస్త్రి పురికొస చుట్టుకుంటూ అడిగాడు. "సార్, గీత యాడ గియ్యమంటారు?"

నరేంద్రబాబు ఫోను చూసుకుంటున్నాడు. సమాధానం మడిచిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నవోమి అత్త దగ్గరికి వెళ్లి కుంచె కోసం చెయ్యి చాపింది, తన ఇటుకకు కొట్టడానికి. మగ్దలీనమ్మ బకెట్టు వంచి చూసింది. అడుగున నీలిమందు చారిక తప్ప ఏమీ లేదు. వెనక ఇంకా ఆడవాళ్లు రాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, కొస అవతల నుంచి ఇంకా వస్తున్నారు. ముసలామె వాళ్లందరినీ ఒకసారి చూసింది.

"సున్నం చాల్లేదు మే," అంది. "పోయి ఇంకా నానెయ్యాల."